అమ్మకి ఫ్లైటు, నాన్నకి కారు

మీలో చాలామందికి నర్సీపట్నం అంటే లంబసింగి వెళ్తూ దారిలో టీ తాగిన ఊరు. డిసెంబరు వచ్చిందంటే అబీద్ సెంటర్‌లో తెల్లవారుజామున మూడింటికి కూడా బైకులు ఆగి ఉంటాయి. జర్కిన్లు, మంకీ క్యాపులు, చేతిలో ఫోన్లు. వైజాగ్ వాళ్లు, కాకినాడ వాళ్లు, హైదరాబాద్ నుంచి రాత్రంతా డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, ఇంకో 30 కిలోమీటర్ల ఘాట్ ఎక్కడానికి రెడీగా ఉన్నవాళ్లు. పాతికేళ్ల వయసులో రోడ్ ట్రిప్ అంటే అదే. మనకి నడుమంటూ ఒకటుందని గుర్తే ఉండదు.

ఆ ఊళ్లో పుట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నాలాంటివాళ్లకి ఆ రోడ్డు ఇంకోలా కనిపిస్తుంది. నాకు నలభై రెండు. నాన్నకి డెబ్బై, అమ్మకి అరవై ఆరు. ఏడాదికి రెండుసార్లు వాళ్లు మా ఇంటికి వస్తారు. వచ్చే ముందు ప్రతిసారీ ఒకటే పంచాయితీ: కారా, ఫ్లైటా?

ఆఫీసులో ఎవరినడిగినా సమాధానం రెడీగా ఉంటుంది. 'పెద్దవాళ్లు కదా, ఫ్లైట్ బుక్ చేసెయ్ బ్రో, గంటలో వచ్చేస్తారు' అని. ఆ గంట లెక్క ఒకసారి చూద్దాం.

నర్సీపట్నం వాళ్లు ఫ్లైట్ ఎక్కాలంటే ముందు ఒక రోడ్ ట్రిప్ చేయాలి. మాకవరపాలెం, తాళ్లపాలెం మీదుగా హైవే ఎక్కి, అనకాపల్లి, గాజువాక దాటి వైజాగ్ ఎయిర్‌పోర్టు చేరేసరికి రెండు గంటలు. ఫ్లైట్‌కి గంటన్నర, రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. గాల్లో గంటా పావు. శంషాబాద్‌లో దిగాక బ్యాగుల కోసం అరగంట. అక్కడి నుంచి కూకట్‌పల్లిలో మా ఇంటికి ట్రాఫిక్ దయతలిస్తే గంటా పావు. మొత్తం ఏడు గంటలు. కారులో అయితే 550 పైచిలుకు కిలోమీటర్లు, ఆగుతూ వస్తే పది, పదకొండు గంటలు. అంటే ఫ్లైట్ మిగిల్చేది మూడు, నాలుగు గంటలు. పైగా వైజాగ్ విమానాలు భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టుకి మారితే మా ఊరి నుంచి 80 కిలోమీటర్ల దూరం కాస్తా 120 దాటుతుంది. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాకు పక్కనే, ఆయన పేరు పెట్టిన ఎయిర్‌పోర్టు మాత్రం జిల్లా దాటి అవతల.

రైలు ఉంది కదా అంటారా? ఉంది. తునికో అనకాపల్లికో వెళ్లి ఎక్కాలి. లోయర్ బెర్త్ దొరికితే దాన్ని మించింది లేదు. పండగ రోజుల్లో దొరకదు. సీనియర్ సిటిజన్ల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. అదంతా వేరే కథ.

సరే, గంటల లెక్క తేలింది. కానీ మా ఇంట్లో అసలు గొడవ గంటల గురించి కాదు. నాన్న కారే అంటాడు. అమ్మ చాలాకాలం ఏమీ అనేది కాదు. 'మీ నాన్న ఎలాగంటే అలాగే' అనేది. ఒకసారి నాన్న లేనప్పుడు విడిగా అడిగితే అసలు సంగతి బయటపడింది.

నీళ్ల బాటిల్ మూత తియ్యని మనిషి

కారులో బయల్దేరే రోజు అమ్మ పొద్దున్న కాఫీ తాగదు. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తుంది. దారిలో నా పక్కన బాటిల్ ఖాళీ అవుతుంటుంది, వెనక సీట్లో ఆవిడ బాటిల్ సీలు కూడా ఊడదు. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. మగవాళ్లకి చెట్టు కనిపిస్తే చాలు. ఆవిడకి తలుపు కావాలి, గొళ్లెం కావాలి, లోపల నీళ్లు కావాలి. మోకాళ్లు వంగవు కాబట్టి వెస్టర్న్ టాయిలెట్ అయి ఉండాలి. హైవే మీద ఇవన్నీ ఒకేచోట దొరకడం లాటరీ. పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, తాగునీరు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధనే. గాలి దొరుకుతుంది. టాయిలెట్ దగ్గర తాళం కనిపిస్తుంది, తాళంచెవి ఉన్న కుర్రాడు భోజనానికి వెళ్లి ఉంటాడు.

అమ్మకి షుగర్ ఉంది, బీపీ మాత్ర ఉంది. అలాంటివాళ్లు పది గంటలు నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకుని కూర్చుంటే ఏమవుతుందో రెండేళ్ల క్రితం చూశాం. హైదరాబాద్ వచ్చిన మూడో రోజుకి చలిజ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, వారం రోజులు యాంటీబయాటిక్స్. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే 'ప్రయాణం ఏమైనా చేశారా?' అని.

ఇలాంటి మనిషి ఫ్లైట్ అంటే భయపడుతుందని ఎవరైనా అనుకుంటారు. భయం ఉంది కూడా. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడు ఆవిడ నాలుగు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని నేను అంకెలు చెప్తే వినీ విననట్టు ఊరుకుంది. అయినా కారా, ఫ్లైటా అని అడిగితే ఆవిడన్న మాట ఇది: "గాల్లో భయం గంటసేపేరా. నీళ్లు తాగకుండా రోజంతా ఎవులు కూకుంటారు? ఎయిర్‌పోర్టులో అడుగడుక్కీ బాత్రూమే."

మాకు తేల్చి చెప్పింది ఆ మాటే. వెబ్‌సైట్లలో ఛార్జీలు పోల్చి చూడటం కాదు.

'నాకేటయిందిరా?'

నాన్న సంగతి పూర్తిగా రివర్సు.

ఆయన రిటైర్డ్ హైస్కూల్ టీచరు. తునిలో హైవే ఎక్కిన దగ్గర్నుంచి ఆయన లెక్కలు ఆయనకుంటాయి. అన్నవరంలో ఆగి ప్రసాదం పొట్లాలు కొనాలి. రాజమండ్రి దగ్గర నాలుగో వంతెన మీద గోదావరి దాటి కొవ్వూరు, దేవరపల్లి మీదుగా గుండుగొలను. ఏ బంకులో డీజిల్ మంచిది, ఏ హోటల్‌లో ఇడ్లీ పొద్దున్నదే, సూర్యాపేటలో ఎటువైపు ఆగితే మళ్లీ రోడ్డెక్కడం సులువు, అన్నీ తెలుసు. ఎవరితోనైనా మాట కలుపుతాడు. ఆ రోడ్డు మీద ఆయన్ని చూస్తే డెబ్బై అనిపించదు.

అదే మనిషిని ఎయిర్‌పోర్టు గేటు దగ్గర చూడండి. టికెట్ నా ఫోన్లో, బోర్డింగ్ పాస్ నా ఫోన్లో, ఆధార్ నా చేతిలో. బెల్టు తియ్యమంటారు, చిల్లర ట్రేలో వెయ్యమంటారు, చేతులు చాపమంటారు. ఏ గేటో ఆయనకి తెలీదు, బోర్డు మీద అక్షరాలు కనపడవు. నలభై ఏళ్లు క్లాసులో పిల్లల్ని లైన్లో నిలబెట్టిన మనిషి నా వెనక లైన్లో నిలబడి 'ఇప్పుడేటి చెయ్యాలి?' అని అడుగుతాడు. మోకాళ్ల నొప్పి ఉంది కదా అని ఒకసారి వీల్‌చెయిర్ బుక్ చేశాను. అది ఉచితమే, రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్తే చాలు. కుర్చీ వచ్చింది. నాన్న దానివైపు చూసి, "నాకేటయిందిరా? కుర్చీలో కూకోబెట్టి తోసుకెల్తారా నన్ను?" అని గేటు దాకా నడిచే వెళ్లాడు. కుంటుతూ. ఆ రోజు ఫ్లైట్ మూడు గంటలు లేటు.

కాబట్టి ఆయనకి కారు. ఇక్కడే ఇంకో చిక్కు. ఆయన కారులో కూర్చోవడం కాదు, నడుపుతానంటాడు. మన దేశంలో 55 దాటినవాళ్లకి డ్రైవింగ్ లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యూ చేయాలి, 40 దాటితే డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ ఇవ్వాలి. నాన్న దగ్గర రెండూ పక్కాగా ఉన్నాయి, ఎవరడిగినా తీసి చూపిస్తాడు. కానీ కన్ను ఆ కాగితం చదవదు. ఇరవై ఏళ్ల వయసులో కంటి లోపలి రెటీనాకి చేరే వెలుతురుతో పోలిస్తే అరవైకి చేరేది మూడో వంతే. దానికితోడు శుక్లాలు మొదలైతే ఎదురుగా వచ్చే హైబీమ్ ఒక తెల్ల గోడ.

'నువ్వు నడపొద్దు' అని ఆయనతో ఎవరూ అనలేరు. నేనూ అనలేదు. బేరం పెట్టాను. తెల్లారాక బయల్దేరదాం, రాజమండ్రి దాకా స్టీరింగ్ నీది, అక్కడి నుంచి నాది. చీకటి పడితే ఎక్కడున్నా ఇద్దరం నడపం, విజయవాడలో గది తీసుకుని పడుకుందాం. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. రాజమండ్రికి ముందే ఒక టీ కొట్టు దగ్గర కారాపి, తాళం నా చేతికిచ్చి, "ఇక్కడ టీ బాగుంటాది" అన్నాడు. నేనేమీ అడగలేదు.

మీ ఇంట్లోనూ ఇదే పంచాయితీ ఉంటే, నాకు పనికొచ్చినవి కొన్ని చెప్తాను. కారైనా ఫ్లైటైనా నాలుగు గంటలకి పైగా కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ముప్పు మొత్తమ్మీద చిన్నదే, కానీ కారులో మీ చేతిలో బ్రేకుంది. గంటన్నరకోసారి ఆపి వాళ్లని పది అడుగులు నడిపించండి. ఫ్లైట్‌లో లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, అంటే లంబసింగికి రెట్టింపు ఎత్తు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లని టికెట్ కొనకముందే డాక్టరుకి చూపించండి. అమ్మకి విండో సీటు ఇప్పించి మురిసిపోకండి, లేవడానికి ఇద్దర్ని దాటాలి. నడవా పక్క సీటు ఇప్పించండి. మాత్రలు చేతి బ్యాగులోనే ఉండాలి. నీళ్లకి భయపడి బీపీ మాత్ర మానేస్తున్నారేమో కనుక్కోండి, చాలామంది ఆ పని చేస్తారు, చెప్పరు.

ఇంకోటి, ఎండు కొబ్బరి. ఊరి నుంచి వచ్చే ప్రతి అమ్మ బ్యాగులోనూ అది ఉంటుంది. నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఎండు కొబ్బరి చిప్పల్ని విమానంలోకి రానివ్వరు. నూనె తేలే ఆవకాయని చేతి బ్యాగులో పంపరు. అమ్మకి ఫ్లైట్‌తో ఉన్న ఒకే ఒక్క పేచీ అదే.

దానికీ మార్గం దొరికింది. మొన్న సంక్రాంతి తర్వాత వాళ్లని తీసుకొచ్చినప్పుడు అమ్మ చెల్లితో కలిసి ఫ్లైట్‌లో, నాన్న నాతో కారులో. కొబ్బరి, ఆవకాయ, బియ్యం బస్తా కారు డిక్కీలో. నలభై నాలుగేళ్ల కాపురంలో ఇద్దరూ విడివిడిగా వెళ్లిన మొదటి ప్రయాణమట. బయల్దేరేటప్పుడు అమ్మ కాఫీ రెండుసార్లు తాగింది.

మేము సూర్యాపేటలో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. ఇల్లు చేరిపోయారట. "వంకాయ కూర వండుతున్నాను, మీ నాన్నని అక్కడ బజ్జీలు తినొద్దని చెప్పు" అంది. అప్పటికే రెండో ప్లేటు నడుస్తోంది.