మొత్తం పాయింట్లపై పందెం, పూతపై బేరం

కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలలో ఎవరు గెలుస్తారన్నది అటుంచి, ఇరుజట్లూ కలిసి ఎన్ని పాయింట్లు చేస్తాయన్న దానిపై డబ్బు ఒడ్డే పద్ధతి అమెరికాలో ఉంది. ఉదాహరణకు 140.5 అనే అంకెను హద్దుగా పెడతారు. అర పాయింటు ఉండదు గనుక మొత్తం దానికి పైనో, కిందనో తేలక తప్పదు. ‘పైన’ అన్నవాడు 55 సెంట్లు, ‘కింద’ అన్నవాడు 45 సెంట్లు పెడితే, ఆట ముగిశాక ఒకరికి పూర్తి డాలరు దక్కుతుంది, రెండోవారికి ఏమీ మిగలదు. నిర్వాహకుల రుసుము వేరు. ఆ 55 సెంట్ల ధరే, ‘పైన’ తేలే అవకాశం నూటికి 55 పాళ్లని తెలిపే సమష్టి అంచనా అని సమర్థకులు చెబుతారు.

మన దేశంలో ఇది ‘అభిప్రాయ వ్యాపారం’ అన్న పేరుతో ఫోన్లలోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 29న సెబీ దీనిపై ప్రజలను హెచ్చరించింది. అదే సంవత్సరం ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

పలాస, టెక్కలి ప్రాంతాల వారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఉద్దానం రైతు కూడా రాబోయే పంటను ఊహించే కదా బేరం చేస్తాడు! మరి ఆ బేరమూ జూదమేనా?

దీనికి సమాధానం మూడు వ్యవహారాలను విడదీసి చూస్తే దొరుకుతుంది.

మొదటిది పందెం. ఇందులో సరుకు లేదు, సేవ లేదు. ఒకరి లాభం కచ్చితంగా మరొకరి నష్టమే. పందెం కాసినా కాయకున్నా ఆట జరుగుతుంది. పందెమే లేని నష్టాన్ని కొత్తగా పుట్టిస్తుంది. ఇదే మైసిర్. దివ్య ఖురాన్ (5:90–91) దానిని విడనాడమని ఆదేశిస్తూ, అది మనుషుల మధ్య వైరాన్ని రేపుతుందని, దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపుతుందని కారణం కూడా తెలిపింది. అంచనాల వల్ల సమాచారం లభిస్తుందన్న వాదనకూ జవాబు ఉంది: జూదంలో కొంత ప్రయోజనం ఉన్నా దాని పాపమే పెద్దదని ఖురాన్ (2:219) ముందే తేల్చింది.

రెండవది పూతపై బేరం. ఇక్కడ సరుకు నిజమైనదే, కాని అది చేతికొస్తుందో రాదో తెలియదు. ఈ అనిశ్చితినే గరర్ అంటారు. పండ్లు పక్వానికి వచ్చినట్లు కనబడేదాకా అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. ఒక తోటలోని రాబోయే కాపును ఎవరైనా అంతకు ముందే కొని ఉంటే, అతడు దేనికి డబ్బు చెల్లించినట్లు? నిషేధంలోని వివేకం ఈ ప్రశ్నలోనే ఉంది.

మూడవది సలమ్. పెట్టుబడి అవసరమైన రైతుకు ధర్మం ఈ దారి తెరచి ఉంచింది. ఉదాహరణకు 80 కిలోల బస్తాలు పది, ఫలానా రకం జీడిపిక్కలు, ఫలానా తేదీకి ఇచ్చేలా ఒప్పుకొని, పూర్తి ధర ముందే తీసుకోవచ్చు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని ప్రవక్త (స) మదీనా ప్రజలకు విధించారు. సరుకును ఒక ప్రత్యేక తోటకు ముడిపెట్టరాదని ధర్మశాస్త్రవేత్తలు అన్నారు. ఆ తోట పోయినా బజారులో కొని ఇవ్వవచ్చు. సరుకే దొరకకపోతే కొన్నవాడు వేచి ఉండాలి, లేదా తానిచ్చిన సొమ్ము మాత్రమే తిరిగి తీసుకోవాలి. దానిపై అదనంగా ఒక్క రూపాయి అడిగినా అది వడ్డీ అవుతుంది.

కనుక భవిష్యత్తును అంచనా కట్టడం తప్పు కాదు. అంచనా లేనిదే సేద్యమూ లేదు, వ్యాపారమూ లేదు. ఆ అంచనా వెనుక ఇచ్చిపుచ్చుకొనే సరుకు ఉందా, దాని తూకం, గడువు ఇరువురికీ తెలుసా అన్నదే చూడవలసినది.