జరావాల జలసంధి

నెల్లిమర్ల పక్కనుంచి పారే చంపావతి కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్రం మీద విశాఖ నుంచి ఓడలో సుమారు మూడు రోజులు వెళ్తే... అండమాన్! ఉత్తరాంధ్రకు అదేం కొత్త చోటు కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనులకోసమో, చేపల వేటకోసమో వెళ్లి ఎన్నో కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

వాళ్లకన్నా వేల ఏళ్ల ముందు నుంచీ అక్కడున్నవాళ్లు జరావాలు.

పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీవిజయపురంగా పేరు మారింది) నుంచి ఉత్తరంగా వెళ్తే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వస్తుంది. అక్కణ్నుంచి వాహనాలన్నీ బారులు తీరి, పోలీసు కాపలాతో కదలాలి. దట్టమైన ఆ అడవి దాటాక సన్నని సముద్రపు పాయ... అదే మిడిల్ స్ట్రెయిట్ జలసంధి. బస్సులూ కార్లూ పంటు మీద అవతలున్న బారాటాంగ్ దీవికి చేరతాయి. ఒడ్డు వెంట మడ అడవులు, వాటి నీడలో ఉప్పునీటి మొసళ్లు. సాయంత్రమైతే చిలకలు గుంపులుగా వచ్చి వాలే బుల్లి దీవి కూడా ఉందక్కడ. దాని పేరే చిలకల దీవి!

దారిలో దాటొచ్చిన అడవే జరావాల ఇల్లు. విల్లంబులతో అడవిపందుల్ని, చేపల్ని వేటాడతారు. తేనె, దుంపలు, పళ్లు సేకరిస్తారు. 2011 లెక్కల్లో వాళ్లు 380 మందే. బయటివాళ్లతో స్నేహంగా మెలగడం మొదలైంది 1990ల చివర్లోనే. ఆ వెంటే 1999లో వాళ్లకు తట్టు సోకింది. మనకు మామూలైన జబ్బే, అలవాటు లేని ఒంటికి ప్రాణాంతకం.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. బ్రిటిష్‌వాళ్లు 1858లో ఖైదీల స్థావరం పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఇప్పుడు పదుల్లో మిగిలారు. వాళ్ల భాషల్లో ఒకటైన ‘బో’ మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూసింది. ఆమెతోపాటే ఆ భాషా పోయింది.

అందుకే జరావాల అడవిలోని రోడ్డును మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అటు ఉత్తరాన ఉన్న ఊళ్లకూ అదే దారి. ఆసుపత్రికైనా, సరుకులకైనా ఎక్కువగా దాని మీదే వస్తారు. రోడ్డు మూతపడలేదు. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తినడానికేమీ ఇవ్వకూడదు... ఇవీ ఇప్పటి నిబంధనలు. పర్యటకులు వాటిని మీరిన వీడియోలు 2012లో బయటికొచ్చి ప్రపంచమంతా నివ్వెరపోయింది.

సెలవుల్లో అండమాన్‌లోని చుట్టాలింటికి వెళ్తే బారాటాంగ్ చూడాలనిపించడం సహజమే. ఆ అడవి దారిలో మాత్రం కెమెరా సంచిలోనే ఉండాలి. మనం వెళ్తున్నది ఇంకొకరి వాకిట్లోంచి మరి!