చిన్న వ్యాపారికి పెట్టుబడితో పాటు పరపతి కావాలి



ఉపాధి కోసం మనం చేసే సాయం చాలావరకు వస్తువు రూపంలో ఉంటుంది. కుట్టుమిషను, తోపుడు బండి, టీ కొట్టు సామాను, లేదా ఖర్జె హసనగా కొంత సొమ్ము. ఈ సాయం తప్పకుండా అవసరమే. అయితే మిషను ఇంటికి చేరిన మరునాటి నుంచే అసలు ప్రశ్న మొదలవుతుంది. కుట్టడానికి పని ఎవరిస్తారు? గుడ్డ, దారం వారం రోజుల అరువు మీద ఎవరిస్తారు? దీనికి జవాబు దొరకకపోతే మిషను మూలన పడుతుంది. దాత సొమ్ము ఖర్చయినా ఆ ఇంటి పరిస్థితి మారదు.

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి అప్పు పుట్టే శక్తి, రెండోది నలుగురిలో ఉన్న మంచి పేరు. బజారులో ఈ రెండూ ఒకటే. చిన్న వ్యాపారికి పరపతి ఎలా ఏర్పడుతుందో, అందులో దాతలు చేయగలిగిన సాయం ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ఆదోని బజారు నేర్పే పాఠం

పత్తి, బట్టలు, బంగారం వ్యాపారాల వల్ల ఆదోనిని పెద్దలు ‘రెండో బొంబాయి’ అనేవారు. కర్నూలు, అనంతపురం పల్లెల నుంచే కాక కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా పత్తి ఇక్కడికి వస్తుంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మార్వాడీ మాట్లాడేవారు ఒకే యార్డులో బేరం చేస్తారు. జిన్నింగ్ మిల్లు యజమాని ఎవరో రైతుకు తెలియదు, రైతు ఎవరో మిల్లు యజమానికి తెలియదు. ఇద్దరికీ తెలిసినవాడు కమీషన్ ఏజెంటు. ధర ఇప్పుడు ఆన్‌లైన్ టెండర్లలో తేలుతున్నా, బండి ఏ కొట్టుకు తోలాలో రైతు పాత పరిచయాన్ని బట్టే నిర్ణయించుకుంటాడు. అంటే ఇంత పెద్ద వ్యాపారం కూడా మధ్యలో నిలబడే మనిషి మాట మీదే నడుస్తోంది.

ఈ బంధానికి చెడు వైపు కూడా ఉంది. అప్పు ఇచ్చినవాడికే సరుకు అమ్మక తప్పని రైతు బేరమాడలేడు. ఒక్కరితోనే ముడిపడిన పరిచయం ఆధారపడటంగా మారుతుంది. కాబట్టి పరిచయాలు ఒకటికి నాలుగు ఉండాలి.

తడి దాచకపోవడం

పత్తిలో తేమ ఎంతుందన్నదే ప్రతి సీజనులో తగాదా. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనేటప్పుడు 8 నుంచి 12 శాతం తేమ వరకే ఒప్పుకుంటుంది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మనందరికీ తెలిసిందే. లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. తడిసిన ధాన్యం అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిని అడుగున దాచడమే తప్పు.

చిన్న వ్యాపారికి ఇది రోజూ పనికొచ్చే సూత్రం. శుక్రవారానికి ఇస్తానన్న యూనిఫారాలు ఆలస్యమయ్యేట్టుంటే బుధవారమే చెప్పాలి. పరుపులో పాత దూది కలిపితే ఆ మాట చెప్పి ధర తగ్గించాలి. ఇలా చెప్పినందుకు ఒక బేరం పోవచ్చు, కానీ కొన్నవాడు మరో ఇద్దరిని పంపుతాడు. అరువు ఇచ్చినా పుచ్చుకున్నా రాసి పెట్టుకోవాలి. అప్పు వ్యవహారం రాసుకుని సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ వాక్యంలో ఆదేశించింది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం అదే. రాసుకోవడం అనుమానంతో చేసే పని కాదు, స్నేహాన్ని కాపాడే పని.

ఎమ్మిగనూరు చూపిన దారి

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ సేవకు 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నేతగాడికి పని చేతనవును, దూరపు కొనుగోలుదారుడు మాత్రం తెలియడు. సంఘం నూలు సమకూర్చి, నేసిన బట్టను తన పేరు మీద అమ్మింది. సంఘం పేరు మీద ఉన్న నమ్మకం ప్రతి మగ్గానికీ అందింది. ఒంటరి మనిషికి లేని పరపతిని పదిమంది కలిసి సంపాదించవచ్చని ఇది రుజువు చేసింది. మన కుట్టుపని చేసే ఆడబిడ్డలు, తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల కుటుంబాలు ఒకే పేరుతో, ఒకే నాణ్యతతో ఆర్డర్లు తీసుకోగలిగితే ఇదే ఫలితం వస్తుంది.

మన గడప దాటిన పరిచయం

అమెరికా సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసంలో ఒక ముఖ్యమైన సంగతి వివరించారు. దగ్గరివాళ్లందరికీ తెలిసింది దాదాపు ఒకటే, కొత్త సమాచారం ఎక్కువగా దూరపు పరిచయస్థుల ద్వారానే వస్తుంది. మన అనుభవం కూడా అంతే. బంధువులు, మొహల్లా వాళ్లు కష్టంలో ఆదుకుంటారు, కానీ వాళ్లకు తెలిసిన గిరాకీ మనకు ముందే తెలుసు. కొత్త ఆర్డరు ఇచ్చేవాడు బజారులోని హోల్‌సేల్ వ్యాపారో, స్కూలు కరస్పాండెంటో, లాడ్జి యజమానో అయి ఉంటాడు. అతను ఏ మతం వాడైనా కావచ్చు. అక్కడికి వెళ్లి మాట్లాడే చొరవ పేద వ్యాపారికి ఉండదు. దాతలకు ఆ పరిచయాలు ఇప్పటికే ఉన్నాయి.

పూచీ పడేముందు

పరిచయం చేయడం కూడా అమానతే. ఒకరు మరొకరి మంచితనానికి సాక్ష్యం చెప్పబోతే హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) అడిగిన ప్రశ్నలు ప్రసిద్ధమైనవి. అతని పొరుగున ఉన్నావా? అతనితో ప్రయాణం చేశావా? డబ్బు వ్యవహారం చేశావా? ఏదీ లేదంటే, నీకతను తెలియడని ఆయన తేల్చారు. మసీదులో కనిపించినంత మాత్రాన ఒకరికి పూచీ పడకూడదు. ముందు మన ఇంటి చిన్న పని ఒకటి అప్పగించి, గడువుకు ఇచ్చాడో లేదో చూసి, ఆ తర్వాతే అతని పేరు బయట చెప్పాలి.

దాతలు చేయగల పనులు

మిషనుతో పాటు మొదటి ఆర్డరు కూడా ఇవ్వండి, లేదా ఇప్పించండి. దాన్ని ఉచితంగా చేయించుకోవద్దు, బజారు ధర చెల్లించండి.

ఏడాదికి ఒక్కరినైనా మీకు తెలిసిన ఇద్దరు వ్యాపారుల దగ్గరికి స్వయంగా తీసుకెళ్లండి. ఫోనులో చెప్పడం కంటే పక్కన నిలబడటం ఎక్కువ పని చేస్తుంది.

అతనికి చెల్లించాల్సింది ఆలస్యం చేయకండి. మనం నెల ఆపిన అయిదు వేలు అతనికి వచ్చే వారం సరుకు. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. మన పిల్లలు సెల్‌ఫోనులోనే చేసి పెట్టగలరు.

జకాత్, సదఖాల వల్ల ఒక ఇంటికి ఆసరా దొరుకుతుంది. మంచి మాటతో కలిపి ఇస్తే ఆ ఇల్లు రేపు మరొకరికి ఇచ్చే స్థితికి వస్తుంది. పుచ్చుకున్న చేయి ఇచ్చే చేయిగా మారడమే మన సంఘం ఆశ. మీ సంపాదనలోనూ, మీ మాటలోనూ అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.