విప్పారిన కొమ్ముల సైకిలు హేండిలు

పందెపు సైకిలు హేండిలు రెండు వైపులను పొట్టేలి కొమ్మువలె ముందుకు వంగి, క్రిందికి దిగి, మరల వెనుకకు తిరిగి యుండును. పాలవారి సైకిలునకుండు హేండిలువలె చేతులు పట్టుటకు ఇందులో ఒక్కటే చోటు కాదు, మూడు చోట్లున్నవి. పైనున్న అడ్డకమ్మి మొదటిది. వంపు దగ్గర బిగించిన బ్రేకుపిడులు రెండవది. క్రిందనున్న కొమ్ములు మూడవది. చాలాకాలము రోడ్డు పందెములలో ఈ కొమ్ములు నిట్టనిలువుగా దిగెడివి; పైన ఎంత వెడల్పో క్రిందను అంతే వెడల్పు. ఇటీవలి సంవత్సరములలో క్రిందికి దిగుకొద్దీ బయటకు విచ్చుకొను కొమ్ములుగల హేండిళ్ళు ఈ పందెములలో కనబడుచున్నవి. ఇవి పేరు పొందినది కంకర బాటల పందెములలో. రాళ్ళమీద పోవుటకు తగిన సాధనమునకు నున్నని తారురోడ్డుపై పని యేమి?

కంకర బాటపై చక్రము నిలుకడగా నడవదు. ప్రతి రాయి ముందు చక్రమును ప్రక్కకు త్రోయుచుండును. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా పట్టణములో 2006లో మొదలైన పందెమువంటి వాటిలో 200 మైళ్ళు, అనగా సుమారు 320 కి.మీ., ఇట్టి బాటపైననే తొక్కవలెను. చేతులు ఎడముగా నున్నచో సైకిలును అదుపులో నుంచుట తేలిక. అందుచేత కొమ్ములను బయటకు విప్పిరి. ఈ ఊహ అంతకంటె పాతదే. కొండబాటల పందెగాడైన అమెరికను జాన్ టొమాక్ 1990లో కొండసైకిలుకే వంపు కొమ్ముల హేండిలు బిగించుకొని పందెములాడెను. ఆతడు రోడ్డు పందెములలోను పాల్గొనుచుండుటచే, రెండు సైకిళ్ళపైనను చేతులు ఒకే తీరున నుండవలెనని అట్లు చేసెను. రోడ్డునుండి మట్టిబాటకు పోయిన హేండిలు ఇప్పుడు మట్టిబాటనుండి రోడ్డుకు తిరిగి వచ్చినదన్నమాట.

రోడ్డు పందెములో మొదటి శత్రువు గాలి. చదునైన బాటపై వేగముగా పోవువాని శ్రమలో హెచ్చుభాగము గాలిని చీల్చుటకే చెల్లును. దీనికి కావలసిన సామర్థ్యము గాలి సాంద్రతలో సగమును, మనిషియు సైకిలును కలిసి గాలికి ఎదురొడ్డు వైశాల్యమును, వేగముయొక్క ఘనమును హెచ్చవేసిన వచ్చును. వైశాల్యమనగా ఇక్కడ కొలబద్దకు అందునది కాదు, ఆకారపు గుణకముతో హెచ్చవేసినది. అది 0.30 చదరపు మీటరు అనుకొందురు గాక. గాలి సాంద్రత ఘనపు మీటరునకు 1.2 కిలోగ్రాములు. గంటకు 40 కి.మీ. వేగము సెకనుకు 11.1 మీటర్లు. అప్పుడు కావలసిన సామర్థ్యము సుమారు 247 వాట్లు. ఆ వైశాల్యమును 0.01 చదరపు మీటరు, అనగా ప్రక్కకు 10 సెం.మీ. గల చదరమంత, తగ్గించిన 8 వాట్లు మిగులును. నాలుగైదు గంటలు సాగు పందెములో ఇది చిన్న లాభము కాదు. బడికి గంటకు 20 కి.మీ. వేగమున పోవు విద్యార్థికి మాత్రము అదే మార్పువలన మిగులునది ఒక్క వాటే. వేగము సగమైన సామర్థ్యము ఎనిమిదవ వంతగును గదా! వానికి హేండిలు మార్చుటకంటె చక్రములో గాలి నింపుకొనుట మేలు.

చేతులు దగ్గరగా నుంచిన ఏమగునో 1989 టూర్ ద ఫ్రాన్స్ లోకమునకు చూపినది. చివరి రోజున వెర్సాయినుండి పారిస్‌వరకు 24.5 కి.మీ. ఒంటరి పరుగు. గ్రెగ్ లెమాండ్ అప్పటికి 50 సెకన్లు వెనుకబడి యున్నాడు. ముంజేతులను ముందుకు చాచి దగ్గరగా ఆనించుకొను హేండిలుతో తొక్కి, మొత్తము పందెమును 8 సెకన్ల తేడాతో గెలిచెను. ఆ గెలుపంతయు హేండిలుదే యనుట తగదు గాని, చేతుల నడుమ దూరమునకు విలువ కలదని ఆనాటినుండి ఎవరును సందేహింపలేదు. అయితే ఒంటరి పరుగులో వాడు ఆ హేండిలును గుంపు పందెములో వాడనీయరు. బ్రేకులకు చేతులు దూరమగుట దీనికి కారణము. మామూలు హేండిలు అడ్డకమ్మిపై ముంజేతులు ఆనించి తొక్కుటను సయితము అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2021 ఏప్రిల్ 1 నుండి నిషేధించినది. ఇక మిగిలిన దారి హేండిలునే ఇరుకు చేయుట.

ఇరుకు హేండిలుకు దోషమున్నది. హేండిలు తిరుగు ఇరుసునుండి చేతివరకుగల దూరము తుల యొక్క భుజము వంటిది. 360 మి.మీ. వెడల్పుగల హేండిలులో అది 180 మి.మీ. చేయి 10 మి.మీ. కదలిన హేండిలు 3.2 డిగ్రీలు తిరుగును. వెడల్పు 410 మి.మీ. అయినచో అదే కదలికకు 2.8 డిగ్రీలే. కొండ దిగునపుడు గంటకు 70, 80 కి.మీ. వేగమున చేయి వణకిన ఈ తేడా ప్రాణముతో ముడివడి యుండును. గమ్యము దగ్గర లేచి నిలిచి తొక్కునపుడును ఇట్టిదే మరొక చిక్కు. కుడి పెడలు నడిమి రేఖకు ఇంచుమించు 12 సెం.మీ. దూరమున నున్నదనుకొన్నచో, దానిపై 1000 న్యూటన్ల బలము సైకిలును కుడివైపునకు 120 న్యూటను మీటర్ల భ్రామకముతో వంచజూచును. దానిని కుడిచేయి పైకి లాగి నిలుపవలెను. చేయి 20 సెం.మీ. దూరమున నున్న 600 న్యూటన్లు చాలును, 17 సెం.మీ. దూరముననే యున్న 700 న్యూటన్లు దాటును. సైకిలును అటునిటు ఊపుటచే ఈ లెక్క కొంత మారినను, దిక్కు మారదు.

విప్పారిన కొమ్ము ఈ రెండు కోరికలను ఒకే కమ్మిలో తీర్చజూచును. గుంపులో గంటల కొలది చేతులుండునది బ్రేకుపిడులపైన; అక్కడ వెడల్పు తక్కువ, గాలి దెబ్బ తక్కువ. దిగుడులోను, తుది పరుగులోను చేతులు కొమ్ములపైకి పోవును. అక్కడ వెడల్పు ఎక్కువ, పట్టు ఎక్కువ. ఎంత ఎక్కువయో త్రికోణమితి చదువు విద్యార్థి గుణించి చూడవచ్చును. కొమ్ము నిలువు రేఖతో 12 డిగ్రీల కోణము చేయుచు 120 మి.మీ. లోతు దిగినదనుకొనవలెను. 12 డిగ్రీల టాన్ విలువ 0.2126. ఒక్కొక్క ప్రక్క 25.5 మి.మీ., రెండు ప్రక్కల 51 మి.మీ. పెరుగును. పైన 360 ఉన్న హేండిలు క్రింద 411 అగును. కంకర బాటలకు వాడు 25 డిగ్రీల కోణమునకు ఇదే లెక్క వేసిన రెండు ప్రక్కల పెరుగుదల 112 మి.మీ. వచ్చును. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వేయింపవచ్చును.

అంత కోణము రోడ్డు పందెమునకు పనికిరాదు. కొమ్ముతోపాటు బ్రేకుపిడియు వాలి, దాని మీట క్రింది కొస బయటకు పోవును. వ్రేళ్ళకు అందుట కష్టమగును. పిడి దాటిన తరువాతనే కొమ్మును విప్పుట దీనికి ఒక ఉపాయము. ఇంకొక చిక్కు ఇరుగుపొరుగు. భుజము భుజము రాసుకొనుచు పోవు గుంపులో బయటకు పొడుచుకొని వచ్చిన కొమ్ము పక్కవాని కొమ్ముకు తగులుకొనవచ్చును. ఒక్కడు పడిన వెనుక పదిమంది పడుదురు. రోడ్డు పందెగాండ్రు సామాన్యముగా చిన్న కోణములతో తృప్తిపడుట అందువలననే.

సమాఖ్య ఈ విషయమున నియమములు బిగించుచు వచ్చినది. 2023 నుండి హేండిలు బయటి అంచులనడుమ కనీసము 350 మి.మీ. ఉండవలెననిరి. కొందరు బ్రేకుపిడులను లోపలికి త్రిప్పి చేతులను ఇంకను దగ్గర చేర్చుకొనగా, అతిగా త్రిప్పుటను 2024లో అరికట్టిరి. 2026 జనవరి 1 నుండి గుంపు పందెములలో కనీసపు వెడల్పు 400 మి.మీ. చేసిరి. కొలత హేండిలు మొత్తమునకు గనుక, కొమ్ముల కొసలు 400 ఉన్న చాలును. 12 డిగ్రీల కోణముతో పైన 349 మాత్రమే యుండును. ఈ సందు కనిపెట్టియే బ్రేకుపిడుల నడుమ దూరమునకును, కొమ్ము బయటకు విచ్చుటకును సమాఖ్య వేరుగా హద్దులు పెట్టినది.

ఈ నియమము అందరికి ఒకే తీరున తగులలేదు. పూర్వపు బోధకులు హేండిలు భుజముల వెడల్పుతో సమముగా నుండవలెననెడివారు. పొట్టి శరీరముగల స్త్రీలలో అనేకుల భుజములు 400 మి.మీ. వెడల్పు ఉండవు. వారు ఇరుకు హేండిలు వాడినది గాలిని మోసగించుటకు కాదు, తమ శరీరమునకు అది సరిపోవుటచేత. నియమము ప్రకటింపగానే స్త్రీ పందెగత్తెలనుండి నిరసన వచ్చుట న్యాయమే. అదుపుకొరకు పెట్టిన హద్దు వారి చేతులను భుజములకంటె ఎడము చేసినది. కొమ్ములు విప్పారిన హేండిలు వారి కష్టమును కొంత తగ్గించును. పైన చేతులు దగ్గరగానే యుండును, కొసలు కొలతకు సరిపోవును.

అంగడిలో కొనువారు ఒక్కటి గమనింపవలెను. హేండిలుపై వ్రాసిన అంకె కొందరు తయారీదారుల లెక్కలో కమ్మి నడిమినుండి నడిమికి కొలత, కొందరి లెక్కలో బయటి అంచునుండి అంచుకు. కమ్మి లావు సుమారు 24 మి.మీ. గనుక, నడిమి కొలతన 38 సెం.మీ. అని వ్రాసిన నిలువు కొమ్ముల హేండిలు బయట 404 మి.మీ. ఉండి నియమమునకు సరిపోవును. 36 అని వ్రాసినది 384 మాత్రమే యగుటచే సరిపోదు. విప్పారిన కొమ్ములకు ఆ అంకె బ్రేకుపిడులవద్ద కొలిచినదా, కొసలవద్ద కొలిచినదా యనునది కూడ అడిగి తెలిసికొనవలెను.