మిల్లు నీళ్ల ట్యాంకు పుల్లబారుతుందని ముందే చెప్పే న్యూరల్ నెట్‌వర్క్

పై వీడియో చూసే ముందు ఈ నాలుగు మాటలు చదివితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులు ఉన్నాయి కదా. కర్రపెండలం నుంచి పిండి తీశాక మిగిలే నీళ్లలో పిండి, చక్కెర చాలా ఉంటాయి. వాటిని అలాగే కాలువలోకి వదిలితే నీటిలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చస్తాయి. అందుకే ఇలాంటి నీళ్లను గాలి తగలని ట్యాంకులో పులియబెట్టి శుభ్రం చేస్తారు. మన గోబర్ గ్యాస్ ప్లాంటులో జరిగేదీ ఇదే. జీవామృతాన్ని రోజూ కలిపి గాలి తగలనిస్తాం, ఇక్కడ మాత్రం గాలి అసలు తగలకూడదు.

ట్యాంకులో సూక్ష్మజీవులు రెండు రకాలుగా పనిచేస్తాయి. ఒక రకం పిండిని, చక్కెరను ఆమ్లాలుగా మారుస్తుంది, వీటిది మహా తొందర. రెండో రకం ఆ ఆమ్లాల నుంచి మీథేన్ గ్యాస్ చేస్తుంది, ఇవి నిదానంగా పెరుగుతాయి. ఒక్కసారిగా చిక్కటి నీళ్లు ఎక్కువ వదిలామనుకోండి, ఆమ్లం పేరుకుంటుంది, మీథేన్ చేసేవి దెబ్బతింటాయి. చిక్కేమిటంటే, నీటిలోని క్షారగుణం కొంతకాలం ఆ ఆమ్లాన్ని అణచిపెడుతుంది. పీహెచ్ చూస్తే 7 దగ్గరే ఉంటుంది, అంతా బాగుందనుకుంటాం. అది పడిపోయే సరికి ఆలస్యమైపోతుంది. ట్యాంకు తిరిగి కోలుకోవడానికి వారాలు పడుతుంది, ఈలోగా ఆ నీళ్లు ఎవరి పొలం మీదకి పోతాయో మీకు చెప్పక్కర్లేదు.

న్యూరల్ నెట్‌వర్క్ పనికొచ్చేది ఇక్కడే. వచ్చే నీటి చిక్కదనం, పరిమాణం, వేడి, ఆమ్లం, క్షారగుణం, గ్యాస్... ఇలా రోజువారీ లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఇస్తారు. అది ఒక్కో అంకెకు ఇంత బలం అని వేసుకుని, రేపు గ్యాస్ ఎంత వస్తుందో అంచనా కడుతుంది. అసలు వచ్చినదానితో పోల్చి, తేడా తగ్గేలా ఆ బలాలను మార్చుకుంటుంది. ఇలా వేలసార్లు. కొన్ని రోజుల లెక్కలు దానికి చూపించకుండా దాచి, చివర్లో వాటితో పరీక్ష పెడతారు. ఆ పరీక్ష లేకుండా "మా మోడల్ బ్రహ్మాండం" అంటే నేనైతే నమ్మను.

ఇంకో సంగతి. అది చూసిందే దానికి తెలుసు. పెండలం నీళ్లతో నేర్చుకున్నది డెయిరీ నీటి కొవ్వు గురించి సరిగ్గా చెప్పలేదు. మిల్లు రికార్డులో అన్నీ మంచి రోజులే ఉంటే, ట్యాంకు చెడిపోయే రోజు ఎలా ఉంటుందో దానికి తెలీదు. పాడైన రోజుల లెక్క దాచిపెట్టే మిల్లుకు ఈ టెక్నాలజీ ఎంత ఖరీదుదైనా దండగే.

మీ ఊరి మిల్లు వాళ్లు శుద్ధిచేసిన నీళ్లు పొలానికి ఇస్తామంటే పీహెచ్ ఒక్కటే చూసి ఒప్పుకోకండి. ట్యాంకులో ఆమ్లానికీ క్షారానికీ ఉన్న నిష్పత్తి అడగండి. మామూలుగా 0.3, 0.4 లోపు ఉండాలి. రోజురోజుకీ పెరుగుతుంటే ట్యాంకు పుల్లబారుతున్నట్టే. ట్యాంకు బాగా పనిచేసినా నత్రజని, భాస్వరం చాలావరకు నీటిలోనే ఉంటాయి, పైరుకి మంచిదే. కానీ ఉప్పు కూడా అలాగే ఉంటుంది, కాబట్టి పెట్టే ముందు ఈసీ చూపించుకోండి.