సంతాన సాఫల్య చికిత్స ఖర్చులు, బీమా (భారతదేశం)

సహజంగా గర్భం ధరించలేని దంపతులకు మందుల ద్వారా గాని, శస్త్రచికిత్స ద్వారా గాని, ప్రయోగశాలలో అండాన్ని ఫలదీకరింపజేయుట ద్వారా గాని సంతానం కలిగేలా చేసే వైద్యాన్ని సంతాన సాఫల్య చికిత్స అంటారు. వీటిలో ఎక్కువ ప్రసిద్ధి చెందినది ఐ.వి.ఎఫ్. పద్ధతి. జనసామాన్యంలో దీనికి టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతి అని పేరు. భారతదేశంలో ఈ చికిత్సకు అయ్యే వ్యయంలో అత్యధిక భాగాన్ని దంపతులే భరించవలసి వస్తున్నది. ఆరోగ్య బీమా ఉన్నవారికి కూడా చాలా సందర్భాలలో ఇదే పరిస్థితి. ఒక సైకిలుకు ఇంత అని చెప్పే ధర వేరు, బిడ్డ పుట్టే వరకు లేదా ప్రయత్నం విరమించే వరకు అయ్యే మొత్తం వేరు. ఈ తేడా తెలియక అప్పుల పాలైన కుటుంబాలు అనేకం.

నేపథ్యం

ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో జన్మించినది. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వలన దుర్గ అనే పాప పుట్టినది. అయితే ఆయన పరిశోధనను నాటి అధికారులు నమ్మలేదు. 1981లో ఆయన మరణించిన చాలా కాలానికి గాని గుర్తింపు రాలేదు. 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజా బృందం చికిత్సతో మరొక పాప జన్మించినది. అది మునిసిపల్ ఆసుపత్రి కావటం గమనార్హం. ప్రభుత్వ రంగంలో మొదలైన ఈ వైద్యం తరువాతి కాలంలో దాదాపు పూర్తిగా ప్రైవేటు కేంద్రాలకు తరలిపోయినది.

ఖర్చు ఎక్కడెక్కడ అవుతుంది

చికిత్స పరీక్షలతో మొదలవుతుంది. భార్యకు హార్మోను పరీక్షలు, అండాశయంలో మిగిలిన అండాల నిల్వను అంచనా వేసే ఎ.ఎం.హెచ్. పరీక్ష, స్కానింగు, గర్భనాళాలు మూసుకొనిపోయినవో లేదో చూసే ఎక్స్‌రే చేస్తారు. భర్తకు వీర్య పరీక్ష చేస్తారు. వీర్య పరీక్ష వీటన్నిటిలోకి చౌకైనది, బాధ లేనిది. అయినప్పటికీ మన సమాజంలో లోపం స్త్రీదేనన్న భావన బలంగా ఉన్నందున, భార్యను ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిప్పిన తరువాత గాని భర్త ఈ పరీక్షకు ఒప్పుకోని సందర్భాలు ఉన్నాయి. ఆ ఏళ్ళలో పోయేది డబ్బు మాత్రమే కాదు. స్త్రీ వయసు పెరిగే కొద్దీ అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతాయి కనుక తరువాత చేసే చికిత్స ఫలించే అవకాశం కూడా పోతుంది.

లోపం చిన్నదైతే మాత్రలతోను, ఐ.యు.ఐ. పద్ధతితోను ప్రయత్నిస్తారు. ఐ.యు.ఐ. అనగా శుద్ధి చేసిన వీర్యాన్ని సన్నని గొట్టం ద్వారా గర్భాశయంలోనికి పంపుట. దీనికి ఒక్కొక్క ప్రయత్నానికి కొన్ని వేల రూపాయలు అవుతాయి.

ఐ.వి.ఎఫ్. ఖర్చు లక్షలలో ఉంటుంది. ప్రైవేటు కేంద్రాలలో ఒక సైకిలుకు సాధారణంగా లక్ష రూపాయల నుంచి రెండున్నర లక్షల వరకు తీసుకొంటారు. ఇందులో ముఖ్యమైన భాగం హార్మోను ఇంజెక్షన్లది. సహజంగా నెలకు ఒక అండం పక్వమవుతుంది. ఒకేసారి పది పన్నెండు అండాలు తయారు కావటానికి తొమ్మిది నుంచి పన్నెండు రోజుల పాటు ఈ ఇంజెక్షన్లు ఇస్తారు. ఎంత మోతాదు అవసరమో స్త్రీ వయసును, అండాల నిల్వను బట్టి మారుతుంది కాబట్టి ఒకే కేంద్రంలో ఒకే ప్యాకేజీ తీసుకొన్న ఇద్దరికి బిల్లులు వేరుగా వస్తాయి. తరువాత స్కానింగులు, మత్తు ఇచ్చి అండాలను సేకరించుట, ప్రయోగశాల రుసుము, పిండ బదిలీ వరుసగా ఉంటాయి. మిగిలిన పిండాలను గడ్డకట్టించి దాచుటకు ఏటా అద్దె చెల్లించవలెను. వాటిని మరొకసారి బదిలీ చేయాలంటే దానికి వేరే రుసుము ఉంటుంది.

ప్రకటనలలో కనిపించే ధరలో ఇంజెక్షన్లు, పిండాలను దాచే ఖర్చు చాలాచోట్ల కలిసి ఉండవు. చిన్న పట్టణాల వారికి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకు రానుపోను ప్రయాణాలు, బస, పోగొట్టుకొన్న కూలి లేదా జీతం అదనం. అండాల పెరుగుదలను చూసే స్కానింగులు రోజు విడిచి రోజు ఉండవచ్చు కాబట్టి ఇది చిన్న ఖర్చేమీ కాదు.

భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ముంబైలోని జాతీయ ప్రత్యుత్పత్తి, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ అధ్యయనం 2025లో వెలువడినది. ఒక ఐ.వి.ఎఫ్. సైకిలుకు దంపతులు సొంతంగా పెట్టే ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున లక్ష రూపాయలకు పైగాను, ప్రైవేటులో రెండు లక్షలకు పైగాను ఉన్నదని అందులో తేలినది. ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇంత ఖర్చు కావటానికి ప్రధాన కారణం మందులు, పరీక్షలు బయట కొనవలసి రావటం.

సైకిలు ధర, మొత్తం ఖర్చు

ఐ.వి.ఎఫ్. సైకిలు ఫలించకపోయినా రుసుము తిరిగి రాదు. ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక్కొక్క సైకిలులో బిడ్డ పుట్టే అవకాశం మూడింట ఒక వంతు అనుకొందాం. ఇది ముప్పై అయిదేళ్ళ లోపు స్త్రీలకు సుమారుగా సరిపోయే అంచనా. మూడు సైకిళ్ళు చేయించుకొన్న నూరు జంటలలో డెబ్బై మందికి బిడ్డ పుడతారు. తక్కిన ముప్పై మంది మూడింతల ఖర్చు పెట్టి కూడా వట్టి చేతులతో తిరిగి వస్తారు. నలభై దాటిన స్త్రీలకు సొంత అండాలతో అవకాశం ఇంకా ఎంతో తక్కువ. కేంద్రాలు చెప్పే విజయ శాతం దేనికి సంబంధించినదో విచారించవలెను. గర్భ పరీక్షలో పాజిటివ్ రావటం, స్కానింగులో గుండె చప్పుడు కనిపించటం, బిడ్డ సజీవంగా పుట్టటం అనేవి మూడు వేర్వేరు లెక్కలు. మొదటి లెక్క ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది.

వరుసగా విఫలమైన వారికి అదనపు సేవలను సూచించటం మామూలు. వీటిలో కొన్నిటికి తగిన ఆధారాలు లేవు. గర్భాశయపు లోపలి పొరను గీరితే పిండం బాగా అంటుకొంటుందని చాలాకాలం నమ్మేవారు. 1,364 మంది స్త్రీలపై జరిపిన పరీక్షలో దీని వలన ప్రయోజనం లేదని 2019లో తేలినది. ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోనికి ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992లో బ్రస్సెల్స్‌లో మొదలైనది. వీర్యకణాల లోపం ఉన్నవారికి ఇది నిజంగా వరం. లోపం లేని వారికి కూడా దీనిని చేయటం వాడుకగా మారినది. వియత్నాంలో అటువంటి 1,064 జంటలపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు ఐ.వి.ఎఫ్. కంటె దీని వలన ఎక్కువ మంది బిడ్డలు పుట్టలేదు.

లెక్కలోకి రాని మరొక ఖర్చు ప్రసవం తరువాతిది. అవకాశం పెరుగుతుందని రెండు మూడు పిండాలను బదిలీ చేస్తే కవలలు పుట్టే అవకాశం, దానితో పాటు నెలలు నిండకుండా ప్రసవమయ్యే ప్రమాదం పెరుగుతాయి. నవజాత శిశు ఐ.సి.యు.లో కొన్ని వారాలు ఉంచవలసి వస్తే ఆ బిల్లు ఐ.వి.ఎఫ్. ఖర్చును మించిపోవచ్చు.

ఆరోగ్య బీమా

హైదరాబాదు కేంద్రంగా గల భారత బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపులకు ఒకే భాషను నిర్దేశించినది. మినహాయింపు అనగా బీమా సంస్థ చెల్లించనవసరం లేని అంశం. ఈ జాబితాలో 17వది వంధ్యత్వం, సంతానలేమి. కృత్రిమ గర్భధారణ, ఐ.వి.ఎఫ్., ఇక్సీ, సరోగసీ, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను తిరగదోడుట అన్నీ దీని క్రిందికి వస్తాయి. 18వది ప్రసూతి. మామూలు పాలసీ ఉన్నవారికి ఐ.వి.ఎఫ్. క్లెయిము తిరస్కరించబడటానికి కారణం ఈ 17వ అంశమే.

ఈ మినహాయింపు పెట్టి తీరాలని నిబంధన లేదు. కోరుకొన్న సంస్థ దానిని సడలించవచ్చు. కొన్ని సంస్థల పాలసీలలోను, కొన్ని కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే గ్రూపు పాలసీలలోను ఈ చికిత్సకు చెల్లింపు ఉన్నది. అయితే ఉన్నది అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోరాదు. సాధారణంగా రెండు మూడేళ్ళ నిరీక్షణ కాలం ఉంటుంది. పాలసీ మొత్తం పది లక్షలైనా ఈ చికిత్సకు ఇచ్చేది లక్ష లోపే కావచ్చు. జీవితకాలంలో ఒకటి రెండు సార్లు మాత్రమే ఇస్తారు. ఇంజెక్షన్లు, స్కానింగులు, పరీక్షలు ఆసుపత్రిలో చేరకుండా జరిగేవి కాబట్టి అవుట్ పేషెంట్ ఖర్చు క్రింద తీసివేయవచ్చు. ముప్పై ఆరేళ్ళ వయసులో పాలసీ కొని నిరీక్షణ కాలం తీరే వరకు ఆగితే ముప్పై తొమ్మిది వస్తుంది. అప్పటికి బీమా డబ్బు చేతికి వచ్చినా చికిత్స ఫలించే అవకాశం తగ్గి ఉంటుంది.

గర్భాశయ గడ్డలు, ఎండోమెట్రియోసిస్, అండాశయ తిత్తులు వంటివి సంతానలేమికి కారణాలు. వీటంతట అవి కూడా వ్యాధులే. వీటికి చేసే శస్త్రచికిత్సను నిర్ణీత నిరీక్షణ కాలం తరువాత చాలా పాలసీలు చెల్లిస్తాయి. అదే శస్త్రచికిత్స సంతానం కోసం చేసినట్లు డిశ్చార్జి పత్రంలో ఉంటే 17వ అంశం క్రింద తిరస్కరించే అవకాశం ఉన్నది. రోగికి నొప్పి, అధిక రక్తస్రావం వంటి బాధలు నిజంగా ఉన్నప్పుడు అవి పత్రంలో నమోదైనవో లేదో చూసుకొనుట అందుకే అవసరం. లేని బాధలను రాయించటం మాత్రం మోసం అవుతుంది.

పాలసీ తీసుకొనేటప్పుడు అంతకు ముందు జరిగిన సంతాన చికిత్సను దాచిపెడితే, తరువాత వేరే జబ్బుకు పెట్టిన క్లెయిము కూడా చిక్కుల్లో పడవచ్చు. 2024 నిబంధనల ప్రకారం అయిదేళ్ళ పాటు ఎడతెగకుండా సాగిన పాలసీపై, మోసం నిరూపితమైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదు.

క్లెయిము తిరస్కరించబడినవారు మొదట ఆ బీమా సంస్థకే ఫిర్యాదు చేయవలెను. నెల రోజులలో సమాధానం రాకున్నా, వచ్చినది సంతృప్తికరంగా లేకున్నా ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఈ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు.

2021 చట్టం, దాతల బీమా

సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం 2021లో వచ్చి 2022 జనవరి 25 నుంచి అమలులో ఉన్నాయి. మొదటి చట్టం ప్రకారం 21 నుంచి 50 ఏళ్ళ స్త్రీలకు, 21 నుంచి 55 ఏళ్ళ పురుషులకు మాత్రమే చికిత్స చేయవచ్చు. కేంద్రాలన్నీ నమోదు కావలెను. దాత అండంతో చికిత్స పొందే దంపతులు ఆ అండదాతకు 12 నెలల ఆరోగ్య బీమా కొనవలెను. సరోగసీలో బిడ్డను మోసే స్త్రీకి 36 నెలల బీమా తప్పనిసరి. అండాల సేకరణలో దాతకు హార్మోన్ల వలన కడుపులో నీరు చేరుట వంటి ప్రమాదాలు ఉన్నందున ఇది న్యాయమైన నిబంధనే. ఇదే ప్రమాదం భార్యకు కూడా ఉన్నది, కాని ఆమెకు బీమా కల్పించే నిబంధన చట్టంలో లేదు.

ప్రభుత్వ సహాయం

ఆయుష్మాన్ భారత్ పథకంలో సంతాన సాఫల్య చికిత్స మినహాయించబడినది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం 2011 నవంబరు ఉత్తర్వు ద్వారా సైకిలుకు 65,000 రూపాయలకు మించకుండా, గరిష్ఠంగా మూడు సైకిళ్ళ వరకు తిరిగి చెల్లించేందుకు అంగీకరించినది. భార్య వయసు 21 నుంచి 39 ఏళ్ళ మధ్య ఉండవలెనని అందులో నియమం. ఐ.వి.ఎఫ్. కూడా ఆరోగ్య సేవల క్రిందికే వస్తుందని, దానికి జి.ఎస్.టి. వర్తించదని 2022 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసినది. బిల్లులో చికిత్సపై ఈ పన్ను కనిపిస్తే ప్రశ్నించవచ్చు. 2023లో గోవా వైద్య కళాశాలలో ఉచిత ఐ.వి.ఎఫ్. కేంద్రం ప్రారంభమైనది. అదే ఏడాది అక్టోబరులో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో తెలంగాణ ప్రభుత్వం సంతాన సాఫల్య కేంద్రాన్ని తెరిచినది.

ఇతర దేశాలలో

బెల్జియం 2003 నుంచి 43 ఏళ్ళ లోపు స్త్రీలకు ఆరు సైకిళ్ళ ప్రయోగశాల ఖర్చును చెల్లిస్తున్నది. దానికి బదులుగా బదిలీ చేసే పిండాల సంఖ్యపై పరిమితి పెట్టినది. కవలలు తగ్గటం వలన నవజాత శిశు వైద్యంలో మిగిలే సొమ్ము ఐ.వి.ఎఫ్. ఖర్చును పూడ్చగలదన్నది దీని వెనుక ఉన్న లెక్క. జపాను 2022 ఏప్రిల్ నుంచి ఐ.వి.ఎఫ్.ను జాతీయ బీమాలో చేర్చినది. రోగి 30 శాతం చెల్లించవలెను. చికిత్స ప్రారంభించేనాటికి నలభై నిండని వారికి ఆరు, 40 నుంచి 42 ఏళ్ళ వారికి మూడు పిండ బదిలీలు లభిస్తాయి.

తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూ జెర్సీలో 2001 నుంచి, మసాచుసెట్స్‌లో 1987 నుంచి బీమా సంస్థలు ఈ చికిత్సకు చెల్లించవలెనని చట్టం ఉన్నది. టెక్సాస్‌లో బీమా సంస్థ యజమానికి ఈ సదుపాయాన్ని చూపితే చాలు, యజమాని వద్దనవచ్చు. పెద్ద కంపెనీలు అనేకం తమ ఉద్యోగుల వైద్య ఖర్చును సొంత నిధి నుంచే భరిస్తాయి. అటువంటి పథకాలకు రాష్ట్రాల బీమా చట్టాలు వర్తించవు. అందువలన న్యూ జెర్సీలో ఒకే వీధిలో ఉండే ఇద్దరు తెలుగు ఉద్యోగులలో ఒకరికి చికిత్స దాదాపు ఉచితంగాను, మరొకరికి పూర్తిగా సొంత ఖర్చుతోను జరగవచ్చు.