వేరులోని యెఱుపు

వసంతకాలమున ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం ప్రాంతమున మోదుగుచెట్లు ఆకులు రాల్చి పూలతో నిండిపోవును. పిల్లలు ఆ పూలను నీటిలో కాచి హోలీనాడు వసంతము చల్లుకొందురు. గుడ్డకు అంటిన ఆ రంగు కొన్ని ఉదుకులకే వెలిసిపోవును. కాని మచిలీపట్నము, పెడన ప్రాంతముల కలంకారీ వస్త్రములందలి యెఱుపు పలుమార్లు ఉదికినను నిలిచియుండును. దీనికి కారణమేమి?

పూర్వము ఆ యెఱుపు చిరివేరు నుండి లభించెడిది. చిరివేరు సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క. దాని వేరులో అలిజరిన్ అను కర్బన సమ్మేళనము కలదు. అలిజరిన్ అణువు ఒక్కొక్కదానిలో 14 కర్బన పరమాణువులు, 8 హైడ్రోజను పరమాణువులు, 4 ఆక్సిజను పరమాణువులు ఉండును.

అద్దకమువారు గుడ్డను కరక్కాయ కషాయము, పాలు కలిపి అందు తడిపి ఆరవేయుదురు. ఎఱుపు కావలసినచోట పటికనీటిని అద్దుదురు. పిమ్మట రంగునీటిలో ఉడికింతురు. పటికలోని అల్యూమినియము ఒక చేత నూలుపోగును, మఱియొక చేత అలిజరిన్‌ను పట్టుకొన్నట్లు రెంటిని బంధించును. అందువలన రంగు నీటికి కరగిపోదు. పటికకు మాఱుగా ఇనుము వాడినచో అదే అలిజరిన్ ఊదారంగు నిచ్చును. పటికతో కూడిన అలిజరిన్‌ను పొడిచేసి చిత్రకారులును వాడిరి.

ఐరోపాలో మంజిష్ఠజాతి మొక్క వేరులోను ఈ పదార్థమే కలదు. 1826లో ఫ్రాన్సు దేశమున రొబికే, కొలెన్ అను రసాయనజ్ఞులు దానిని వేరుచేసిరి. 1868లో జర్మనీయులగు గ్రేబె, లీబర్మన్ అనువారు వేరుతో పనిలేకుండ దానిని ఆంత్రసీన్ నుండి సిద్ధము చేసిరి. ఇల్లెందు, కొత్తగూడెము గనులలో దొరకునట్టి రాతిబొగ్గును గాలి తగులకుండ కాచినచో తారు వచ్చును. ఆ నల్లని తారులోనే ఆంత్రసీన్ ఉండును!

కర్మాగారపు అలిజరిన్ చౌకగా లభించుటచే ఫ్రాన్సులో మంజిష్ఠ పైరు అంతరించెను. మన తీరమున చిరివేరు త్రవ్వి బ్రదికెడివారి వృత్తియు క్షీణించెను. అయినను అద్దకపువిద్య నశింపలేదు. వేరులోని అలిజరిన్, తారునుండి పుట్టిన అలిజరిన్ ఒకే పదార్థము. కావున పాత పద్ధతికే క్రొత్తరంగు అమరెను. నేడును పెడనలో పటిక అద్దిన గుడ్డను అలిజరిన్ నీటిలో ఉడికించువారు కలరు.

రంగులో భేదము లేదు. భేదమంతయు దానివలన బ్రదికెడి మనుష్యుల జీవనమునకే కలిగినది. నూతన పదార్థము కనుగొన్నప్పుడు దాని గుణములతోపాటు, దానివలన ఎవరి జీవనము మాఱునో గమనించుటయు విజ్ఞుల లక్షణము.